బీపీ బిళ్ళ వేసుకోమంటే తలూపుతారు, వేసుకోరు. మనిషి మాట వినడం గురించి మనస్తత్వ శాస్త్రం ఏం చెబుతుంది?

లంక ఊరి ఏఎన్ఎం (కోనసీమ):

అందరికీ నమస్కారం. నేను కోనసీమలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ఇల్లిల్లూ తిరిగి ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళందరికీ బీపీ, షుగర్ చూడటం మా పనుల్లో ఒకటి. చూడటం వరకూ ఇబ్బంది లేదు. బీపీ ఉందని తేలినవాళ్ళ చేత రోజూ బిళ్ళ వేయించడమే గగనమైపోతోంది.

ఒకాయన సంగతి చెబుతాను. యాభై దాటాయి. కొబ్బరి తోటలు కౌలుకి తీసుకుని దింపు (చెట్లెక్కించి కాయలు కోయించడం) చేయిస్తుంటారు. ఎప్పుడు చూసినా 170 మీద 100కి తగ్గదు. డాక్టరు గారు ఆమ్లోడిపిన్ రాశారు. నెలకి సరిపడా బిళ్ళలు నేనే తీసుకెళ్ళి చేతికిచ్చాను. మరుసటి నెల వెళ్తే ఆ కవరు దేవుడి పటం వెనకాల ఉంది. ఒక స్ట్రిప్పు ఖాళీ, మిగతావి చింపనైనా చింపలేదు. ఏంటి బాబాయ్ ఇది అంటే, "నాకు తల తిరగట్లేదు, కళ్ళు మసకలు లేవు, పొద్దున్నే తోటంతా చుట్టి వస్తున్నాను. బీపీ ఎక్కడుందమ్మా? నీ మిషనే తేడాగా ఉంది" అన్నారు.

నా దగ్గర ఫోన్లో ఫోటోలున్నాయి. మెదడులో నరం చిట్లితే ఎలా ఉంటుందో, మూతి వంకరపోయినవాళ్ళు ఎలా ఉంటారో అన్నీ చూపించాను. ఆ నిమిషంలో ముఖం వాడిపోయింది. "సరేనమ్మా, రేపట్నుంచి తప్పకుండా" అన్నారు. మళ్ళీ నెల అదే కవరు, అదే పటం వెనకాల. ఊళ్ళో మీటింగు పెడితే అందరూ శ్రద్ధగా వింటారు, తలలూపుతారు, టీ తాగి వెళ్ళిపోతారు. ఆయన ఒక్కరే కాదు, సగం ఇళ్ళలో ఇదే తంతు.

మనిషిని ఒప్పించడం మీద సైకాలజీలో బోలెడు సిద్ధాంతాలున్నాయంటారు కదా. పై పై చిట్కాలు కాదు, అసలు లోపల ఏం జరుగుతోందో తెలిసినవాళ్ళు చెప్పండి. వీళ్ళు నాకు పరాయివాళ్ళు కాదు. పొద్దున లేస్తే ఎదురుపడే మనుషులు. వీళ్ళలో ఒక్కరికి పక్షవాతం వచ్చినా నాకు అన్నం దిగదు.

మెడికల్ షాప్ (నిజామాబాద్ దిక్కు):

అక్కా, నాది మెడికల్ షాప్. మా తాన గూడ గిదే కథ. బీపీ గోలీలు పది దినాలకు తీసుకపోతరు, మళ్ల రెండు నెలలకు గానీ కనవడరు. ఏమైందే అంటే "మంచిగనే ఉన్న గద" అంటరు.

నా లెక్కల భయం పెట్టకుంటె మనోళ్ళు ఇనరు. మా వాడకట్టుల ఒకాయనకు పక్షవాతం వచ్చినంక కొన్ని దినాలు షాపు ముంగట లైను కట్టిన్రు. ఎన్నడు గోలీ ముట్టనోళ్ళు గూడ వచ్చిన్రు. తర్వాత మళ్ల మామూలే. ఆ భయం చల్లారకుండ ఉండేటట్టు ఏమన్న ఉపాయముంటె నాకు గూడ చెప్పున్రి.

రాజమండ్రి కౌన్సిలర్:

అమ్మా, నేను మద్యం మాన్పించే కేంద్రంలో చాలా ఏళ్ళుగా కౌన్సిలింగ్ చేస్తున్నాను. తాగుడు మానమని చెప్పడం, బిళ్ళ వేసుకోమని చెప్పడం పైకి వేరుగా కనిపిస్తాయి గానీ మనసులో జరిగే తంతు ఒక్కటే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నిజామాబాద్ తమ్ముడు చెప్పిన భయం దగ్గర్నుంచే మొదలెడతాను. 1965లో అమెరికాలో యేల్ యూనివర్సిటీలో హోవర్డ్ లెవెంథాల్, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం చేశారు. ధనుర్వాతం టీకా వేయించుకోమని విద్యార్థులకి చిన్న పుస్తకాలు ఇచ్చారు. కొందరి పుస్తకంలో ఒళ్ళు జలదరించే ఫోటోలు, రోగి పడే అవస్థ. మరి కొందరికి మామూలు సమాచారం. ఫోటోలు చూసినవాళ్ళు బాగా భయపడ్డారు, టీకా మంచిదన్నారు, వేయించుకుంటామనీ అన్నారు. తీరా ఎవరు వేయించుకున్నారని చూస్తే భయం ఎక్కువైనా తక్కువైనా తేడా రాలేదు. తేడా తెచ్చింది వేరొకటి. కొందరికి పుస్తకంతో పాటు ఆరోగ్య కేంద్రం గుర్తుపెట్టిన క్యాంపస్ మ్యాపు ఇచ్చి, "ఈ వారం మీ క్లాసులు చూసుకుని ఏ వేళకి వెళ్ళగలరో ఆలోచించుకోండి" అన్నారు. వాళ్ళలో 28 శాతం మంది వెళ్ళి టీకా వేయించుకున్నారు. మ్యాపు అందనివాళ్ళలో 3 శాతమే. ఆ కేంద్రం ఎక్కడుందో అక్కడి విద్యార్థులకి ముందే తెలుసు, గమనించండి. మ్యాపు వాళ్ళకి కొత్తగా చెప్పిందేమీ లేదు. "ఎప్పుడో ఒకప్పుడు" అనుకునేదాన్ని "మంగళవారం రెండో క్లాసు అయ్యాక" అనుకునేలా చేసింది, అంతే.

మీ బాబాయ్ గారు "రేపట్నుంచి తప్పకుండా" అన్నప్పుడు అబద్ధం ఆడలేదమ్మా. ఆ నిమిషంలో మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ రేపు ఎన్ని గంటలకి, ఏం తిన్నాక, ఏ నీళ్ళతో అన్నది ఆ మాటలో లేదు. కాబట్టి తమ్ముడూ, భయం చల్లారకుండా కాపాడుకోవడం మన పని కాదు. వేడి మీదున్నప్పుడే దాన్ని ఒక వేళకీ ఒక చోటుకీ ముడిపెట్టాలి. మీ షాపు ముందు లైను కట్టిన రోజున ఒక్కొక్కరినీ "పొద్దున చాయ్‌కి ముందా, తర్వాతనా? డబ్బా ఎక్కడ పెడ్తవ్?" అని అడిగి వాళ్ళ నోటనే జవాబు రప్పిస్తే కొందరైనా నిలబడతారు.

ఇక "నీ మిషనే తేడాగా ఉంది" అన్న మాట. దీనికి లియోన్ ఫెస్టింగర్ దగ్గర జవాబుంది. 1957లో ఆయన చెప్పిన సిద్ధాంతం ఇది: ఒకదానికొకటి పొసగని రెండు సంగతులు మనసులో పడితే మనిషికి ఊపిరాడదు, ఏదో ఒకదాన్ని మార్చేదాకా ఊరుకోడు. ఈ ఆలోచన ఆయనకి తట్టింది ఎక్కడో కాదు, మన దేశపు సంగతి చదివినప్పుడు. 1934 జనవరిలో బీహార్ భూకంపం వచ్చింది కదా. ఆ తర్వాత పుట్టిన పుకార్లని జమునా ప్రసాద్ అనే మన పరిశోధకుడు సేకరించారు. భూమి కంపించినా నష్టమేమీ జరగని ఊళ్ళలో, ఇంతకన్నా పెద్ద ప్రళయం రాబోతోందన్న పుకార్లు జోరుగా పాకాయి. ఇప్పటికే భయంతో ఉన్నవాళ్ళు ఇంకా భయపెట్టే కబుర్లు ఎందుకు నమ్ముతారని ఫెస్టింగర్ తల బద్దలుకొట్టుకున్నాడు. ఒంట్లో భయం ఉంది, చుట్టూ చూస్తే కారణం కనబడటం లేదు. ఆ పుకారు వాళ్ళ భయానికి కారణం సమకూర్చింది అన్నది ఆయనకి తోచిన జవాబు.

మీ బాబాయ్ గారిది దీనికి తిరగేసిన పరిస్థితి. ఒంట్లో ఏ బాధా లేదు. చేతికి కట్టిన మిషను మాత్రం 170 అంటోంది. "నేను గట్టిగా ఉన్నాను", "నేను రోగిని", ఈ రెండూ కలిసి ఉండవు. యాభై ఏళ్ళుగా తనని తాను గట్టి మనిషిగా ఎరిగినాయన ఆ మొదటి మాటని వదులుకోడు. మిషనుని వదిలేయడం తేలిక. మీరు ఫోటోలు చూపించినకొద్దీ రెండో పక్క బరువు పెరుగుతుంది, ఆయన ఇంకా గట్టిగా మొదటి పక్కకి జరుగుతాడు. అందుకే నేనైతే "మీరు రోగి" అన్న మాట ఆ ఇంట్లో ఎత్తను. "గట్టిగా ఉన్నారు బాబాయ్, ఇలాగే ఉండాలంటే ఏం చేద్దాం" అని ఆయన నిలబడ్డ చోటి నుంచే మొదలెడతాను. గట్టి మనిషి బిళ్ళ వేసుకోవచ్చు, అందులో పొసగనిదేమీ లేదు.

మూడోది, మన వృత్తుల్లో ఉన్నవాళ్ళందరూ రాసిపెట్టుకోవాల్సింది. 1966లో జాక్ బ్రెమ్ అనే ఆయన చెప్పాడు: తన ఇష్టానికి వదలాల్సిన దాన్ని ఎవరైనా లాక్కుంటున్నారనిపిస్తే మనిషి ఆ పనికి ఎదురు తిరుగుతాడు. పని మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి సంగతి. "కచ్చితంగా వేసుకోవాలి", "మానేస్తే చచ్చిపోతారు" అన్న మాటలు ప్రేమతోనే అంటాం. వినేవాడికి అందులో ప్రేమ వినబడదు, పెత్తనం వినబడుతుంది. మా దగ్గరికి వచ్చే మగవాళ్ళని ఇంట్లో భార్య, తల్లి, బావమరిది అందరూ తిట్టి తీసుకొస్తారు. కుర్చీలో కూర్చునే సరికే చేతులు కట్టుకుని, "ఇప్పుడు నువ్వు మొదలెట్టు" అన్నట్టు చూస్తుంటారు.

ఇక్కడే విలియం మిల్లర్ గురించి చెప్పాలి. ఆయన తాగుడు బాధితులతో పనిచేసిన మానసిక నిపుణుడు. నార్వే వెళ్ళినప్పుడు అక్కడి కుర్ర నిపుణులు "మీరు ఫలానా మాటే ఎందుకన్నారు, ఆ ప్రశ్నే ఎందుకడిగారు" అని నిలదీస్తుంటే, జవాబులు చెప్పుకుంటూ తన పద్ధతిని తానే తేటతెల్లం చేసుకున్నాడు. 1983లో దాని మీద వ్యాసం రాశాడు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని పెంచాడు. పదేళ్ళకి, 1993లో, మిల్లర్ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది: కౌన్సిలర్ ఎంత ఎదురు వాదిస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతూ కనిపించాడు. ఇది చదివాక నేను వాదించడం అన్నదే పక్కన పెట్టేశాను.

మిల్లర్ పద్ధతి మూలం ఒక్కటే. మారడానికి కారణాలు మనం చెబితే, మారకపోవడానికి కారణాలు అవతలివాడు చెబుతాడు. చెప్పినకొద్దీ ఎవరి మాట వాళ్ళకే గట్టిపడుతుంది. మనిషి తన నోటితో తాను అన్న మాటని విని, తన అభిప్రాయం ఇదన్నమాట అని తెలుసుకుంటాడని డారిల్ బెమ్ అనే ఇంకొకాయన కూడా అన్నాడు. కాబట్టి మారడానికి కారణాలు ఆయన నోటనే రావాలి. అవి ఎలా వస్తాయో మా గదిలో రోజూ జరిగేదాన్ని బిళ్ళకి మార్చి రాస్తాను.

"బాబాయ్, సున్నా నుంచి పది దాకా చెప్పండి. ఈ బిళ్ళ వేసుకోవడం మీకు ఎంత ముఖ్యమనిపిస్తోంది?"

"ఏదో, నాలుగు."

ఈ చోట మన నాలుక చివర "నాలుగేనా?" అన్న మాట సిద్ధంగా ఉంటుంది. దాన్ని మింగేయాలి. ఆ మాట అంటే బిళ్ళ ఎందుకు వద్దో ఆయన వరసగా చెబుతాడు. బదులుగా ఇలా అడగాలి:

"నాలుగన్నారు. ఒకటి అనొచ్చు కదా, ఎందుకనలేదు?"

ఇప్పుడు ఆయనకి ఉన్న దారి ఒక్కటే, బిళ్ళ కాస్తయినా ఎందుకు అవసరమో తానే చెప్పడం. "మా అన్నయ్య ఇలాగే పోయాడు" అనొచ్చు, "దింపు రోజుల్లో నేను పడుకుంటే చూసుకునేవాడు లేడు" అనొచ్చు. అది విన్నాక మీరు ఫోటోలు తీయకండి, ఉపన్యాసం మొదలెట్టకండి. ఆయన మాటనే ఆయనకి తిరిగి అప్పజెప్పండి: "అయితే తోట పనులు ఆగకూడదన్నది మీకు పెద్ద సంగతి." అని ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం. మాకు శిక్షణలో అన్నిటికన్నా ఎక్కువ సాధన చేయించింది కూడా అదే.

మీటింగుల గురించి కూడా అడిగారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికాలో మాంసం కొరత వచ్చి, జనం తినని గుండె, మూత్రపిండాలు లాంటి భాగాలు వంటింట్లోకి తేవాలని ప్రభుత్వం అనుకుంది. ఆ పని మీద కర్ట్ లెవిన్ అయోవాలో గృహిణులతో ప్రయోగం చేశాడు. కొన్ని బృందాలకి చక్కటి ఉపన్యాసం ఇప్పించాడు. పోషకాలు, దేశభక్తి, వండే విధానం రాసిన కాగితాలు, అన్నీ అందులో ఉన్నాయి. కొన్ని బృందాలని వాళ్ళలో వాళ్ళనే మాట్లాడుకోనిచ్చాడు. వండేటప్పుడు వాసన, మొగుడు విసుక్కోవడం, ఇవన్నీ వాళ్ళే ఎత్తి వాళ్ళే దారులు వెతుక్కున్నారు. చివర్లో "ఈ వారం ఎవరు వండి చూస్తారు" అంటే చేతులెత్తారు. తర్వాత కనుక్కుంటే ఉపన్యాసం విన్నవాళ్ళలో 3 శాతం, మాట్లాడుకున్నవాళ్ళలో 32 శాతం మంది అంతకుముందు ముట్టనిదాన్ని వండారు. రెంటికీ పట్టిన సమయం ఇంచుమించు ఒకటే. మీ మీటింగులో కుర్చీలు గుండ్రంగా వేయించి, "బిళ్ళ మర్చిపోకుండా మీలో ఎవరేం చేస్తున్నారు?" అని ఒక్క ప్రశ్న వేసి వినండి. డ్వాక్రా సంఘాల్లో ఈ అలవాటు ఎలాగూ ఉంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పి ఆపుతాను. "మన ఊళ్ళో సగం మంది బిళ్ళలు మానేస్తున్నారు" అని మాత్రం మైకులో అనకండి. అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అని రాయిగా మారిన చెట్ల అడవి ఉంది. వచ్చినవాళ్ళు ముక్కలు ఎత్తుకుపోతుంటారు. రాబర్ట్ చాల్దీనీ, ఆయన తోటివాళ్ళు అక్కడ బోర్డులు పెట్టి చూశారు. "చాలామంది ఎత్తుకుపోవడం వల్ల అడవి పాడైంది" అన్న బోర్డు ఉన్నచోట దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. "దయచేసి తీయకండి" అని మాత్రమే ఉన్నచోట 2 శాతం కూడా పోలేదు. అందరూ చేస్తున్నారని తెలిస్తే తప్పు కూడా మామూలు పనిలా అనిపిస్తుంది. మానేసినవాళ్ళ లెక్క మీ రిజిస్టరులోనే ఉండనివ్వండి. వేసుకుంటున్నవాళ్ళ గురించి నలుగురిలో మాట్లాడండి.

టీచరమ్మ (హనుమకొండ):

చాలా బాగా చెప్పారు సార్. నాదొక సందేహం. బడిలో మేం పిల్లలకి చిన్న చిన్న బహుమతులిస్తే హాజరు పెరుగుతుంది. అట్లనే నెలంతా బిళ్ళలు వేసుకున్నవాళ్ళకి ఒక ప్లేటో గ్లాసో ఇస్తే ఎట్లుంటుంది? దాతలు దొరుకుతారు. ఇంత మాట్లాడే ఓపిక, తీరిక ఏఎన్ఎంలకు ఉంటదా?

రాజమండ్రి కౌన్సిలర్:

మేడం, మీ ప్రశ్న నాకు నచ్చింది. ఇందులో రెండు వైపులా సాక్ష్యం ఉంది.

బహుమతి పనిచేసిన చోటు చెబుతాను. రాజస్థాన్‌లో ఉదయపూర్ జిల్లా పల్లెల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళు పిల్లల టీకాల మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు, అన్ని టీకాలూ పూర్తయితే భోజనం పళ్ళేలు. మామూలు ఊళ్ళలో పూర్తి టీకాలు అందిన పిల్లలు 6 శాతం. నమ్మకంగా శిబిరం పెట్టిన ఊళ్ళలో 18. శిబిరంతో పాటు పప్పు కూడా ఇచ్చిన ఊళ్ళలో 39. తల్లులు టీకాకి వ్యతిరేకులు కారు, "ఈ నెల కాకపోతే వచ్చే నెల" అనుకునేవాళ్ళు. పప్పు వాళ్ళని ఈ నెలే కదిలించింది.

రెండో వైపు, 1971లో ఎడ్వర్డ్ డెసీ విద్యార్థులకి సోమా అనే చెక్కముక్కల పజిల్ ఇచ్చాడు. కొందరికి పజిల్ విప్పినందుకు డబ్బిచ్చాడు. డబ్బు ఆపేశాక, ఖాళీ సమయంలో వాళ్ళు దాన్ని ముట్టుకోవడం తగ్గిపోయింది. సరదాగా చేసేది కాస్తా కూలి పని అయిపోయింది. ఆ దారిలోనే డెసీ, రిచర్డ్ రయాన్ ముందుకెళ్ళి, మనిషి ఒక పనిలో నిలబడాలంటే మూడు కావాలన్నారు: ఇది నా నిర్ణయం అనిపించాలి, ఇది నావల్ల అవుతుంది అనిపించాలి, నా బాగు కోరే మనుషులు పక్కన ఉన్నారనిపించాలి.

టీకా కొన్నిసార్లతో అయిపోయే పని. బీపీ బిళ్ళ ఏళ్ళ తరబడి పొద్దున్నే ఒంటరిగా చేసుకునే పని. గ్లాసులు ఎన్నాళ్ళిస్తారు? పైగా గ్లాసు కోసం బిళ్ళలు చింపి పారేసేవాళ్ళు కూడా బయల్దేరతారు. మొదటిసారి పరీక్షకి రప్పించడానికి బహుమతి పెట్టండి, నేను సమర్థిస్తాను. రోజూ వేసుకోవడానికి మాత్రం వద్దు.

ప్రేరణ మాట వచ్చింది కాబట్టి మన గోదావరి జిల్లాల్లోనే జరిగిన ఒక పెద్ద ప్రయోగం గురించి రాయకుండా ఉండలేను. హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెల్లాండ్ 1964లో కాకినాడ వ్యాపారస్తులని ఎంచుకున్నాడు. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఇప్పుడు చిన్న పరిశ్రమల వాళ్ళకి శిక్షణ ఇచ్చే ఎంఎస్ఎంఈ సంస్థ ఉంది చూడండి, అప్పట్లో సీయెట్ అనేవారు, అక్కడికి పిలిపించి కొద్ది రోజుల శిక్షణ ఇప్పించాడు. పోల్చి చూడటానికి మా రాజమండ్రి వ్యాపారస్తులని శిక్షణ లేకుండా ఉంచాడు. శిక్షణలో వడ్డీ లెక్కలూ మార్కెట్ పాఠాలూ ముఖ్యం కాదు. బొమ్మలు చూపించి కథలు రాయించేవారు, తమ కథల్లో సాధించాలన్న తపన ఎంత ఉందో తామే చూసుకునేవారు. మేకుకి రింగులు విసిరే ఆట ఆడించేవారు. ఎంత దూరంలో నిలబడాలో ఎవరి ఇష్టం వాళ్ళది. మరీ దగ్గర నిలబడితే గెలిచినా తృప్తి ఉండదు, మరీ దూరమైతే అదృష్టం మీద వదిలేసినట్టు. కష్టపడితే అందే దూరం ఎంచుకోవడం ఒంటికి పట్టాలి. ఆఖర్న ఎవరి లక్ష్యాలు వాళ్ళు రాసుకుని, ఎంతవరకూ వచ్చారో ఆరు నెలలకోసారి తామే చూసుకునేవారు. తర్వాతి రెండేళ్ళలో ఆ కాకినాడ వాళ్ళు కొత్త వ్యాపారాలు మొదలెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో, పని కల్పించడంలో మిగతావాళ్ళని దాటిపోయారని 1969లో ప్రకటించారు. పరీక్షల పద్ధతి మీద తర్వాత విమర్శలు వచ్చాయి, అది వేరే చర్చ.

ఈ రింగుల ఆట నా పనిలో నేరుగా ఉపయోగపడుతుంది. "జీవితాంతం మింగాలి" అన్నది మరీ దూరపు మేకు. అంత దూరం చూసి ఎవరైనా రింగు కింద పడేస్తారు. "వచ్చేసారి 104 బండి వచ్చేదాకా వేసుకుని, ఆ రోజు అంకె ఎంతకి దిగిందో మనమే చూద్దాం" అంటే అందే దూరం. అంకె దిగడం తన కళ్ళతో చూసినవాడికి నావల్ల అవుతుందన్న నమ్మకం వస్తుంది.

తీరిక గురించి: ఆ రెండు ప్రశ్నలూ అడగడానికి నాలుగు నిమిషాలు చాలు. ఫోటోలు చూపించడానికీ అంతే పడుతుంది.

సేల్స్ ఉద్యోగి (బెంగళూరు):

నేను ఇన్సూరెన్స్ అమ్మకాల్లో ఉన్నాను. మా శిక్షణలో ఇవే నేర్పించారు. కస్టమర్ నోటితోనే "అవును" అనిపించు, పక్కింటివాళ్ళు తీసుకున్నారని చెప్పు, ఈ రోజే ఆఖరు అని చెప్పు. అవసరం లేని పాలసీ పెద్దవాళ్ళ చేత కొనిపించడం చూశాక ఈ విద్య మీద నాకు భయం పట్టుకుంది. ఏఎన్ఎం గారు చేసేది మంచి పనే, కాదనను. కానీ మనిషిని మనకి కావాల్సిన వైపు తిప్పుకోవడమే కదా రెండూ?

రాజమండ్రి కౌన్సిలర్:

బాబూ, ఈ భయం ఉన్నవాళ్ళే ఈ పని చేయాలి.

నేను పెట్టుకున్న గీత ఇది. నేను ఏ పద్ధతి వాడుతున్నానో అవతలి మనిషికి విప్పి చెప్పినా అది పనిచేయాలి. "బాబాయ్, మీ కారణాలు మీ నోటే వినాలని అడుగుతున్నాను" అని చెప్పి అడిగినా ఆ ప్రశ్న చెడిపోదు. "ఈ రోజే ఆఖరు" అన్నది అబద్ధమని చెప్పేస్తే మాత్రం ఆ మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది.

రిచర్డ్ పెటీ, జాన్ కసియొప్పో 1980లలో చెప్పింది కూడా దీనికి తోడవుతుంది. మనిషి తీరిగ్గా ఆలోచించి ఒప్పుకోవడం ఒక దారి, చెప్పినవాడి హోదా, అందం, తొందర చూసి ఒప్పుకోవడం ఇంకో దారి. రెండో దారిలో వచ్చిన ఒప్పుదల త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయేవాడికి అది చాలు. నెల నెలా అదే గడప తొక్కాల్సిన ఏఎన్ఎంకి చాలదు. ఆమెకి కావాల్సింది తను లేని రోజున కూడా నిలబడే ఒప్పుదల. ఇక వద్దనే హక్కు ఆయనకి ఉండాలి, ఆ మాట మనమే ముందు అనాలి: "నిర్ణయం మీదే బాబాయ్." మా దగ్గర చాలామంది చేతులు విప్పి మాట్లాడటం మొదలెట్టేది ఈ మాట విన్నాకే.

లంక ఊరి ఏఎన్ఎం (కోనసీమ):

సార్, మీరు రాసింది నోట్‌బుక్కులో ఎక్కించుకుని నిన్న బాబాయ్ గారింటికి వెళ్ళాను. ఫోను బ్యాగులోంచి తీయలేదు. "నిర్ణయం మీదే" అని మొదలెట్టి నాలుగు, ఒకటి ప్రశ్న అడిగాను. ఆయన మూడు అన్నారు. ఒకటి ఎందుకు కాదంటే చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఊరుకున్నాను. పిన్ని గారు వంటింట్లోంచి ఏదో చెప్పబోతే చేత్తో వారించాను.

అప్పుడు పంచె మోకాళ్ళ దాకా లాగి చీలమండలు చూపించారు. "మొదటి స్ట్రిప్పు అంతా వేసుకున్నానమ్మా. సాయంత్రానికి కాళ్ళు వాచిపోయేవి, చెప్పుల పట్టీ పట్టేది కాదు. ఈ బిళ్ళలు కిడ్నీలు తినేస్తాయని కొబ్బరి కొట్టు దగ్గర ఎవరో అన్నారు. వాపు చూసి నిజమే అనుకున్నాను" అన్నారు. ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు వస్తే ఆ ఫోటోలే చూపిస్తావు కదమ్మా" అన్నారు. మిషను బాగోలేదన్నది మాట దాటేయడానికట.

మూడు ఎందుకన్నారో కూడా తర్వాత చెప్పారు. దింపు కుర్రాళ్ళు పైన ఉన్నప్పుడు కింద నిలబడి చూసుకోవాల్సింది తనేనని, అప్పుడు తను పడిపోతే వాళ్ళ గతేంటని.

నేను డాక్టరు గారికి ఫోన్ చేసి వాపు సంగతి చెప్పాను. ఒకసారి తీసుకురమ్మన్నారు, బిళ్ళ మార్చే వీలుందన్నారు. కిడ్నీల అనుమానానికి ఏం చెప్పాలి? ఒప్పుకున్న మనిషిని మళ్ళీ వాదంలోకి దింపుతానేమోనని భయంగా ఉంది.

రాజమండ్రి కౌన్సిలర్:

చాలా సంతోషం అమ్మా. ఆ వాపు ఆయన భ్రమ కాదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి, అది తెలిసిన సంగతే. దానికీ కిడ్నీ చెడిపోవడానికీ సంబంధం లేదు. ముందు "మీరు చూసింది నిజమే బాబాయ్, ఆ బిళ్ళతో కొందరికి కాళ్ళు వాస్తాయి" అనండి. ఆయన కళ్ళని మీరు నమ్మినట్టు తెలియాలి.

కిడ్నీ సంగతి చెప్పే ముందు అనుమతి అడగండి: "దీని గురించి నాకు తెలిసింది చెప్పనా?" సరేనన్నాక రెండు వాక్యాల్లో ముగించండి. అదుపులో లేని బీపీ వల్లే కిడ్నీలు దెబ్బతింటాయి, బిళ్ళ వేసుకునేది వాటిని కాపాడటానికి కూడా. ఆ వెంటనే "మీకేమనిపిస్తోంది?" అని మాట ఆయనకి వదిలేయండి. ఇంకా అనుమానం ఉంటే డాక్టరు గారి దగ్గర కిడ్నీ పరీక్ష గురించి ఆయన్నే అడగమనండి, కాగితం మీద అంకె తానే చూసుకుంటాడు.

కొత్త బిళ్ళ చేతికొచ్చిన రోజున వేళ, చోటు ఆయన నోటే చెప్పించండి. దేవుడి పటం దగ్గరే పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి, పొద్దున దీపం పెట్టేటప్పుడు కంటబడేలా వెనకాల కాకుండా ముందు పెట్టుకోమనండి. ఈసారి మీటింగులో కాళ్ళ వాపు సంగతి ఆయన్నే నలుగురికీ చెప్పమని అడిగి చూడండి. ఆ ఊళ్ళో బిళ్ళలు మూలన పడేసినవాళ్ళలో ఇదే కారణం ఉన్నవాళ్ళు ఇంకా ఉంటారు.